టీవీ గేమ్ క్యాసెట్ నుంచి స్టీమ్ ఖాతా దాకా: గేమ్ ఎవరిది?

9999 ఇన్ 1 అని రాసున్న పసుపు రంగు క్యాసెట్‌ని ఎప్పుడైనా స్క్రూ తీసి చూశారా? బయటికి పెద్ద ప్లాస్టిక్ డబ్బా. లోపల అందులో సగం కూడా లేని చిన్న బోర్డు. దాని మధ్యలో గట్టిపడిన నల్లటి బంక చుక్క, ఆ చుక్క కింద చిప్పు. అంచున ఒక వైపు 30, ఇంకో వైపు 30, మొత్తం 60 కాళ్లు. ఎండాకాలం సెలవులు రెండు నెలలూ తిండీ నిద్రా మరిపించిన సరంజామా అంతా ఇంతే.

9999 గేములు ఉన్నాయని మెనూ చెప్పేది. కిందికి తిప్పుతూ పోతే కాసేపటికే పేర్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయని పిల్లలు కూడా కనిపెట్టేసేవారు. అసలు గేములు కొన్నే ఉండేవి. మిగతా పేర్లన్నీ అవే గేములు, మొదలయ్యే చోటు మాత్రం వేరు. ఒక పేరు నొక్కితే మొదటి స్టేజి నుంచి, ఇంకోటి నొక్కితే ఐదో స్టేజి నుంచి, మరోటి నొక్కితే ఎక్కువ ప్రాణాలతో. గేమ్ మొదలయ్యేటప్పుడు మెమరీలో పడే ఒకటి రెండు అంకెల్ని మార్చడమే ఇందులోని కిటుకు. ఒరిజినల్ సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లు. ట్యాంకుల గేమ్ బ్యాటిల్ సిటీ 24. ఇవాళ వాట్సాప్‌లో వచ్చే శుభోదయం బొమ్మ ఒక్కటే అంతకంటే పెద్దది.

ఆ క్యాసెట్లలో మనకి తెలియకుండా జరిగిన చెడ్డ పని ఇంకోటుంది. గేమ్ తెరుచుకోగానే తెర మీద రావాల్సిన సంవత్సరం, చేసిన కంపెనీ పేరు చాలా క్యాసెట్లలో చెరిపేసి ఉండేవి. అందుకే మన తరంలో కాంట్రా కంఠతా వచ్చినవాళ్లున్నారు కానీ దాన్ని చేసింది కొనామీ అని పెద్దయ్యాక తెలుసుకున్నవాళ్లే ఎక్కువ. బ్యాటిల్ సిటీ నామ్‌కోది, 1985 నాటిది. పైరసీ అనగానే డబ్బు సంగతే మాట్లాడతాం. డబ్బు కంటే ముందు పోయింది పేరు. పాట విని పాడినవాళ్లెవరో తెలుసుకునే పిల్లవాడికి, తను రోజుకి మూడు గంటలు ఆడే ఆటని ఎవరో కూర్చుని తయారు చేశారన్న ఊహే అందలేదు. నా మటుకు ఈ మొత్తం చరిత్రలో పెద్ద అన్యాయం ఇదే.

ఆ క్యాసెట్లు పెట్టి ఆడిన పెట్టెకి అసలు మూలం నింటెండో అనే జపాన్ కంపెనీ చేసిన ఫ్యామికామ్. జపాన్‌లో 1983 జూలై 15న వచ్చింది. దానికి 60 కాళ్ల క్యాసెట్. 1985లో అమెరికాకి వెళ్లేసరికి నింటెండో దాన్ని 72 కాళ్లకి మార్చి, లోపల తాళం చిప్పు పెట్టింది. క్యాసెట్‌లో జోడీ చిప్పు లేకపోతే మిషన్ రీసెట్ అవుతూనే ఉంటుంది. జపాన్ మోడల్లో ఆ తాళం లేదు. అందుకే ఆసియా అంతటా నకళ్లు 60 కాళ్లతోనే పుట్టాయి, మన ఇళ్లకి వచ్చినవీ అవే. ఒరిజినల్ మిషన్ మన ఊళ్ల షాపుల్లో దాదాపు కనిపించేది కాదు. కొనగలిగీ కొనకపోవడం వేరు, దొరక్కపోవడం వేరు. ఈ తేడా పక్కన పెట్టి ఆ తరం మొత్తాన్నీ దొంగలనడం తప్పు. అలాగని నకలు చేసినవాడి తప్పు తప్పు కాకుండా పోదు. మన ఇంటికి డబ్బా చేర్చినందుకు లాభం తీసుకున్నవాడు గేమ్ చేసినవాడికి పైసా ఇవ్వలేదు, పేరు కూడా ఉంచలేదు.

పాత క్యాసెట్లు అటక మీద ఉన్నవాళ్లకి ఒక మాట. ఊదకండి. ఊదితే పనిచేసేదని అందరికీ గుర్తే. నిజానికి పనిచేసింది ఊదడం కాదు, తీసి మళ్లీ పెట్టడం. కాళ్లు స్లాట్‌లో రాసుకుని పైనున్న మకిలి పోయేది. నోటి తడి వల్ల ఆ కాళ్లు నెమ్మదిగా తుప్పు పడతాయి. మందుల షాపులో గానీ ఎలక్ట్రానిక్స్ షాపులో గానీ దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 99 శాతంది అయితే మంచిది, ఇయర్ బడ్‌కి అద్ది కాళ్ల పొడవునా తుడవండి. బడ్ నల్లగా రావడం ఆగేదాకా బడ్లు మారుస్తూ తుడిచి, పది నిమిషాలు ఆరనిచ్చి పెట్టండి. అప్పటికీ రాకపోతే లోపం ఎక్కువగా మిషన్ స్లాట్‌దే, లోపలి రేకులు వదులై ఉంటాయి. బాతుల్ని కాల్చే గన్ను మాత్రం ఇప్పటి ఎల్‌ఈడీ టీవీ మీద పనిచేయదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్న చోట తెల్లగా మెరుస్తుంది. గన్ను వెతికేది ఆ మెరుపునే. పాత డబ్బా టీవీలో అది వెంటనే వచ్చేది. కొత్త టీవీ బొమ్మని కాస్త ఆలస్యంగా చూపిస్తుంది, గన్నుకి అది చాలదు.

తర్వాత సీడీల కాలం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి క్యాబినెట్, ర్యామ్, మదర్‌బోర్డు విడివిడిగా కొని సిస్టమ్ కట్టించుకున్న రోజులు. కట్టినవాడే విండోస్ వేసి, డి డ్రైవ్‌లో గేమ్స్ అనే ఫోల్డర్ ఒకటి పెట్టి ఇచ్చేవాడు. డేంజరస్ డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా, రోడ్ రాష్, ప్రాజెక్ట్ ఐజీఐ, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్. ఆ ఫోల్డర్ పెన్‌డ్రైవ్ రాకముందే ఊరంతా తిరిగింది. హార్డ్ డిస్క్ విప్పి అట్టపెట్టెలో పెట్టుకుని, స్నేహితుడి సిస్టమ్‌కి ఐడీఈ కేబుల్‌తో తగిలించి కాపీ చేసుకున్నవాళ్లు ప్రతి కాలేజీలోనూ ఉన్నారు. వెనక ఉన్న జంపర్ అనే చిన్న బిళ్లని మాస్టర్ (మొదటి డిస్కు) నుంచి స్లేవ్‌కి (రెండో డిస్కు) మార్చడం మరిచిపోతే రెండు డిస్కుల్లో ఒక్కటీ కనపడేది కాదు.

చట్టబద్ధంగా పంచుకోదగ్గ గేములు కూడా అప్పుడు బోలెడన్ని ఉండేవి. కంప్యూటర్ పత్రికలతో వచ్చే సీడీల నిండా డెమోలు, షేర్‌వేర్, అంటే కొంత భాగాన్ని ఉచితంగా పంచుకోనిచ్చే గేములు. 1993లో డూమ్ వచ్చినప్పుడు మొదటి భాగాన్ని ఎంతమందికైనా కాపీ చేసి ఇవ్వమని చేసినవాళ్లే చెప్పారు. మిగతా భాగాలకే డబ్బు. పంచుకోవాలనే సరదానే అమ్మకానికి దారిగా వాడుకున్న పద్ధతి అది. పత్రిక సీడీలోంచి వచ్చిన డెమో, షాపులో రాయించిన పూర్తి గేమ్ రెండూ అదే ఫోల్డర్లో పక్కపక్కన ఉండడంతో, ఏది ఎలా వచ్చిందో మనకి పట్టేది కాదు.

రాయించిన సీడీలో మాత్రం సగం పాట్లు ఉండేవి. సీడీ పట్టేది 700 మెగాబైట్లు. జీటీఏ వైస్ సిటీ అనే గేమ్ పీసీకి 2003 మేలో వచ్చినప్పుడు బాక్సులో 2 సీడీలు. దాన్ని ఒక్క సీడీలోకి, అందులోనూ సగంలోకి ఇరికించడానికి ఎవరో ఎక్కడో కూర్చుని కోత కోసేవాళ్లు. మొదట పోయేది గేమ్‌లోని కార్లలో పాటలు వినిపించే రేడియో. కారెక్కితే ఇంజిన్ మోత తప్ప ఇంకేమీ వినపడదు. కథ నడిపే సంభాషణలు పోయిన కాపీలూ ఉండేవి. పాత్రలు పెదాలు కదిపి వెళ్లిపోతే, మిషన్ ఏంటో కింద అక్షరాలు చదివి తెలుసుకునేవాళ్లం. దీన్నే రిప్ అనేవాళ్లు. అదే అసలు గేమ్ అనుకుని ఆడి ముగించినవాళ్లు వేలమంది. ఈ రేడియో సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

సీడీ రాయడంలోనే మెళకువలుండేవి. ఖాళీ సీడీలో సమాచారం ఉండేది పల్చటి రంగు పొరలో. దాని మీద అద్దంలాంటి లోహపు పూత, దాని పైన ఒక్క లక్క పొర, ఆపైన లేబుల్. అంటే కింద మెరిసే వైపు 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ కాపు ఉంటే, పై వైపు కాపు దాదాపు లేనట్టే. అందరూ కింది గీతల గురించి బెంగపడేవాళ్లు. బాల్‌పెన్నుతో పైన పేరు రాసినప్పుడే సీడీ చచ్చేది. కింది గీత పాలిష్ చేస్తే పోతుంది, పై పూత లేచిపోతే ఇక ఏమీ చేయలేం. 52 వేగంతో రాస్తే పని రెండు మూడు నిమిషాల్లో అయ్యేది, కానీ పాత డ్రైవుల్లో చదవలేని సీడీలు వాటిలోనే ఎక్కువ. 8కో 16కో తగ్గించి, రాశాక సరిచూసే ఆప్షన్ పెట్టినవి నిలిచాయి. కాగితం స్టిక్కర్ అంటించిన సీడీ డ్రైవులో తూకం తప్పి బరబరమని వణికేది. మన ఎండలు అన్నిటికంటే పెద్ద శత్రువు. కిటికీ పక్కన ఎండ పడే చోట రెండు వేసవులున్న రాసిన సీడీ దగ్గర ఆశ వదులుకోవచ్చు. అచ్చు వేసిన ఒరిజినల్ సీడీలో రంగు పొర ఉండదు, గుంటలు ప్లాస్టిక్‌లోనే ముద్ర పడి ఉంటాయి, అందుకే అది ఇంకా చదువుతుంది.

ప్లేస్టేషన్ దగ్గర వ్యవహారం వేరు. ప్రాంతం తాళం ఉండేది. మనది యూరప్‌తో కలిపిన పాల్ ప్రాంతం. అమెరికా నుంచి సెలవులకి వచ్చిన బాబాయి, డాలర్లు పోసి కొన్న నిఖార్సైన డిస్కు తెచ్చిస్తే, ఇక్కడి మిషన్ దాన్ని తోసేసేది. మొదటి ప్లేస్టేషన్‌లో ఈ తాళం తెలివైనది. డిస్కు లోపలి అంచు దగ్గర గాడిని కావాలనే సన్నగా వంకర తిప్పి, ఆ వంకరలో నాలుగు అక్షరాలు దాచేవాళ్లు. అమెరికాకి ఒకటి, యూరప్‌కి ఒకటి, జపాన్‌కి ఒకటి. మామూలు సీడీ రైటర్ ఆ వంకరని రాయలేదు. అందుకే చిప్ వేయించేవాళ్లు. మిషన్ ఆ అక్షరాల కోసం అడిగినప్పుడల్లా, డిస్కుతో పని లేకుండా, చిప్పే వాటిని పంపుతుంది. సోల్డరింగ్ సరిగా రానివాడి చేతిలో పడితే ఒక పాయింట్ నుంచి పక్క పాయింట్‌కి సీసం అంటుకుని బోర్డే పోయేది. ఆ చిప్పే బాబాయి తెచ్చిన న్యాయమైన డిస్కునీ ఆడించింది, ఫుట్‌పాత్ మీద కొన్న నకలునీ ఆడించింది. చిప్ వేయించడం తప్పా ఒప్పా అన్న ప్రశ్నకి ఒక్క జవాబు లేకపోవడం ఇందుకే.

కంపెనీలు వేసిన తాళాలు ఎవరిని ఇబ్బంది పెట్టాయో కూడా చెప్పుకోవాలి. 2000ల్లో పీసీ సీడీలకి సేఫ్‌డిస్క్, సెక్యూరామ్, స్టార్‌ఫోర్స్ అని రకరకాల కాపలాలుండేవి. స్టార్‌ఫోర్స్ విండోస్ లోతుల్లో డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్‌ని దించేది. గొడవలు ముదిరి 2006లో యూబీసాఫ్ట్ అనే గేమ్ కంపెనీ దాన్ని వదిలేసింది. 2008లో స్పోర్ అనే గేమ్ వచ్చినప్పుడు 3 సార్లకి మించి యాక్టివేట్ కాదన్నారు. కొన్నవాళ్లు మండిపడ్డారు, పరిమితిని 5కి పెంచారు. అదే ఏడాది యూబీసాఫ్ట్ గేమ్ ఒకటి, రెయిన్‌బో సిక్స్ వేగస్ 2, డౌన్‌లోడ్‌గా కొన్నవాళ్లకి ఒక ప్యాచ్ (దిద్దుబాటు ఫైలు) తర్వాత డిస్కు పెట్టమని అడగడం మొదలెట్టింది. లేని డిస్కు ఎక్కడ తెస్తారు? దానికి కంపెనీ నుంచి వచ్చిన పరిష్కారం ఫైలు తెరిచి చూస్తే, అది రీలోడెడ్ అనే పైరసీ బృందం చేసిన క్రాకే, అంటే తాళం తీసేసే ఫైలే.

సేఫ్‌డిస్క్ కథ ఇంకా బాధాకరం. అది పనిచేయాలంటే విండోస్‌లో ఒక డ్రైవర్ ఉండాలి. అందులో భద్రతా లోపం ఉండడంతో మైక్రోసాఫ్ట్ 2015లో విస్టా, 7, 8లలో దాన్ని ఆపేసింది. విండోస్ 10లో అసలు పెట్టనే లేదు. భద్రత కోసం చేసింది కాబట్టి మైక్రోసాఫ్ట్‌ని తప్పుపట్టలేం. కానీ ఫలితం చూడండి. వెయ్యి రూపాయలు పెట్టి బాక్సు కొని, మాన్యువల్‌తో సహా 15 ఏళ్లు దాచుకున్నవాడి డిస్కు కొత్త సిస్టమ్‌లో తెరుచుకోదు. తాళం తీసేసిన నకలు తెరుచుకుంటుంది. అలాంటి డిస్కు మీ దగ్గరుంటే విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత సిస్టమ్‌ని పారేయకండి, లేదా అదే గేమ్ గాగ్ (GOG) అనే ఆన్‌లైన్ గేముల షాపులో దొరుకుతుందేమో ముందు వెతకండి. చాలావాటిని ఈ తాళాలు తీసేసి, కొత్త విండోస్‌కి సరిచేసి అక్కడ అమ్ముతున్నారు.

ఈ గాగ్ ఎక్కడ పుట్టిందో తెలిస్తే ముచ్చటేస్తుంది. పోలండ్ సంగతి మనలాగే ఉండేది. వార్సా బజార్లలో కాపీ సీడీలే రాజ్యం. 1994లో అక్కడ మొదలైన సీడీ ప్రాజెక్ట్ అనే చిన్న కంపెనీ, పైరసీ చేసేవాణ్ణి పోలీసులతో కాకుండా పెట్టెతో ఓడించాలనుకుంది. 1999లో బాల్డర్స్ గేట్‌ని పోలిష్ భాషలోకి మార్చి, పేరున్న నటులతో డబ్బింగ్ చెప్పించి, బాక్సులో మ్యాపు, నియమాల పుస్తకం, పాటల సీడీ పెట్టి అమ్మారు. మొదటి రోజే 18,000 కాపీలు పోయాయి. 2008లో వాళ్లే గాగ్ తెరిచారు, పాత గేములకి తాళం లేకుండా. మన భాషలో ఆ పని ఎవరూ చేయలేదు. 2000ల్లో ఎవరైనా ఒక పెద్ద గేమ్‌కి తెలుగు డబ్బింగ్ చెప్పించి, 300 రూపాయలకి పెట్టెలో ఇచ్చి ఉంటే మన ఊళ్లలో కూడా క్యూ కట్టేవాళ్లని నా గట్టి నమ్మకం. డబ్బింగ్ సినిమాలని మన జనం ఎలా ఆదరించారో తెలిసినవాళ్లెవరూ దీన్ని కాదనరు.

చివరికి ఇక్కడ పైరసీని తగ్గించింది స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల షాపు. 2015లో రూపాయల్లో ధరలు వచ్చాయి. డాలర్ కార్డు అక్కర్లేదు, సేల్‌లో ఒక బిర్యానీ ఖరీదుకి మంచి గేమ్ దొరుకుతుంది, ప్యాచ్‌లు వాటంతట అవే వస్తాయి, నచ్చకపోతే కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల్లోపైతే డబ్బు వాపస్. ఒకప్పుడు రాయించిన సీడీలతో పెరిగినవాళ్లే ఉద్యోగాలు వచ్చాక అవే గేముల్ని మళ్లీ కొని, ఆడకపోయినా లైబ్రరీలో ఉంచుకుంటున్నారు. బాకీ తీర్చుకోవడమే అది. చాలా గౌరవించాల్సిన సంగతి.

ఇప్పుడు ఆ రేడియో దగ్గరికి వద్దాం. 2012 నవంబర్లో వైస్ సిటీ స్టీమ్ నుంచి కనపడకుండా పోయింది. పాటల లైసెన్సు గొడవ. 2013 జనవరిలో కొన్ని పాటలు తీసేసి మళ్లీ పెట్టారు. 2014లో అదే జీటీఏ వరసలోని శాన్ ఆండ్రియాస్‌కి వచ్చిన అప్‌డేట్‌లో పాటలు పోయాయి, పాత సేవ్ ఫైళ్లు కూడా పనికిరాకుండా పోయాయి. 2018 ఏప్రిల్‌లో జీటీఏ 4 వంతు. పదేళ్ల లైసెన్సు అయిపోయిందని, అంతకుముందే డబ్బు కట్టి కొన్నవాళ్ల కాపీల్లోంచి కూడా పాటలు తీసేశారు. రష్యన్ పాటల స్టేషన్ వ్లాదివోస్టాక్ ఎఫ్‌ఎం దాదాపు మొత్తం మారిపోయింది. 2020 జనవరిలో ఆ గేమ్ అమ్మకమే ఆగింది, ఎందుకంటే దానికి యాక్టివేషన్ కోడ్‌లు ఇవ్వాల్సిన మైక్రోసాఫ్ట్ సేవ మూతపడింది. మార్చిలో తిరిగి వచ్చింది, ఈసారి మల్టీప్లేయర్ లేకుండా. చోటు చాలక పైరసీ రిప్‌లో పోయిన రేడియో, లైసెన్సు చాలక కొన్న కాపీలో పోయింది. రెండిటికీ ముందున్న పూర్తి రూపం ఇప్పుడు పాత డిస్కుల్లో, వాటిని జాగ్రత్తగా కాపీ చేసి దాచినవాళ్ల దగ్గరే ఉంది.

అప్పుడు మనది కానిది మన చేతిలో ఉండేది. ఇప్పుడు డబ్బు కట్టి తీసుకున్నది మన చేతిలో ఉండట్లేదు. ది క్రూ అనే కార్ల గేమ్ 2014 డిసెంబర్లో వచ్చింది. ఒంటరిగా ఆడినా సర్వర్ కావాల్సిందే. 2024 మార్చి 31న యూబీసాఫ్ట్ సర్వర్లు ఆపేసింది, ఆ తర్వాత కొన్నవాళ్ల ఖాతాల్లో లైసెన్సులే రద్దు చేసింది. డిస్కు కొన్నవాడి చేతిలో ప్లాస్టిక్ మిగిలింది. దీని మీదే రాస్ స్కాట్ అనే యూట్యూబర్ ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం మొదలెట్టాడు. యూరప్‌లో పౌరుల పిటిషన్‌కి 10 లక్షలకి పైగా సంతకాలు వచ్చాయి. వాళ్లు అడిగేది సర్వర్లు ఎప్పటికీ నడపమని కాదు, మూసేసేటప్పుడు గేమ్ ఆడుకోగలిగే స్థితిలో వదిలి వెళ్లమని. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి అమలైన చట్టం ప్రకారం, ఇచ్చేది లైసెన్సే అయితే ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ అని బటన్ పెట్టకూడదు. అందుకే స్టీమ్‌లో డబ్బు కట్టే ముందు లైసెన్సు అన్న వాక్యం కనిపిస్తోంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు అది ఇప్పటికే చూసి ఉంటారు. స్టీమ్ ఒప్పందం ప్రకారం ఖాతాని ఇంకొకరికి బదిలీ చేయకూడదు, కాబట్టి వీలునామా రాసినా పిల్లలకి రాదు.

మన చట్టం ఏమంటుందో చాలామంది చదవలేదు. 1957 కాపీరైట్ చట్టం 63బి ప్రకారం, నకలని తెలిసీ కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా. వ్యాపారానికి కాకపోతే జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో వదిలే వీలు కోర్టుకి ఉంది. మరోవైపు 52(1)(ఎఎ) న్యాయంగా కొన్నవాడికి ఒక హక్కు ఇస్తుంది. పోయినా, పాడైనా పనికొచ్చేలా తన ప్రోగ్రామ్‌కి బ్యాకప్ కాపీ చేసుకోవచ్చు. 2012లో చేర్చిన 65ఎ తాళాలు పగలగొట్టడాన్ని నేరం చేసింది. కానీ ఈ చట్టం నిషేధించని పని కోసం చేస్తే వర్తించదని అందులోనే రాసుంది. ఇది గొప్ప మినహాయింపు. పాతదైపోయింది కదా, హక్కు తీరిపోయి ఉంటుంది అనే వాదన మాత్రం నిలవదు. మన దగ్గర కాపీరైట్ రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. 1985 గేమ్‌కి గడువు ఇంకా తీరలేదు.

ఇక క్రికెట్ 07. ఈఏ స్పోర్ట్స్ 2006 నవంబర్లో తెచ్చింది, ఆ తర్వాత పీసీకి క్రికెట్ గేమ్ చేయనే లేదు. ఇవాళ దాన్ని డబ్బు పెట్టి కొనడానికి ఏ డిజిటల్ షాపులోనూ లేదు. అయినా మన హాస్టళ్లలో, ఊళ్లలో ఇంకా ఆడుతూనే ఉన్నారు. కారణం ప్యాచ్‌లు చేసేవాళ్లు. గేమ్ వచ్చేనాటికి ఐపీఎల్ పుట్టలేదు, అది 2008లో వచ్చింది. జెర్సీలు, బ్యాటు స్టిక్కర్లు ఎఫ్‌ఎస్‌హెచ్ అనే బొమ్మల ఫైళ్లలో, అవన్నీ బిగ్ అనే మూటల్లో ఉంటాయి. ఒక్కో ముఖం బొమ్మ విప్పి, గీసి, అదే కొలతలో తిరిగి మూట కట్టాలి. కొలత తప్పితే మ్యాచ్ లోడ్ అవుతూ అవుతూ గేమ్ మూసుకుపోతుంది. ఈ పనంతా డబ్బు తీసుకోకుండా చేశారు, ఏళ్ల తరబడి.

చట్టం ముందు క్రికెట్ 07 నకలు ఇంకా నకలే. కానీ అమ్మకానికే లేని గేమ్ ఆడితే ఎవరి అమ్మకం పోయింది? నా మనసు దీన్ని నేరం అనదు. నేను నేరం అనేది వేరే ఉంది. ఆ ప్యాచ్‌లన్నీ కలిపి, చేసినవాళ్ల పేర్లున్న రీడ్‌మీ ఫైలు తీసేసి, ‘ఐపీఎల్ క్రికెట్’ అని అట్ట ముద్రించి అమ్మినవాళ్లది. పసుపు క్యాసెట్‌లో కొనామీకి జరిగిందే, ఇక్కడ మన కుర్రాళ్లకి జరిగింది. అలాగే కొత్తగా అమ్మకంలో ఉన్న చిన్న స్టూడియో గేమ్‌ని క్రాక్‌లో ఆడటానికి ఇప్పుడు ఏ సాకూ లేదు. హైదరాబాద్‌లోని ఓగర్ హెడ్ స్టూడియో 2017లో అసుర చేసింది. పుణెలోని నాడింగ్ హెడ్స్ 2020లో రాజీ చేసింది. ఇవి వందల కోట్ల కంపెనీలు కావు. చేతిలో డబ్బు లేకపోతే సేల్ దాకా ఆగండి, విష్‌లిస్ట్‌లో పెట్టండి, డెమో ఉంటే ఆడండి.

కొన్నదాన్ని నిజంగా దాచుకోవాలనుకుంటే చేయాల్సింది ఇది. రెండు షాపుల్లోనూ ఉన్న గేమ్‌ని గాగ్‌లో కొనండి. అక్కడ లైబ్రరీలో గేమ్ తెరిచి, వాళ్ల లాంచర్ కాకుండా ఆఫ్‌లైన్ బ్యాకప్ ఇన్‌స్టాలర్లు అన్న విభాగం నుంచి దించుకోండి. ఒక సెటప్ ఫైలు, దాని వెంట కొన్ని బిన్ ఫైళ్లు వస్తాయి. అన్నీ ఒకే ఫోల్డర్లో, పేర్లు మార్చకుండా ఉండాలి. ఒక్క బిన్ లేకపోయినా ఇన్‌స్టాల్ సగంలో ఆగుతుంది. ఫోల్డర్ పేరులో వెర్షన్, దించిన తేదీ రాయండి, ఎందుకంటే కొత్త వెర్షన్ వచ్చాక పాతది సైట్‌లో దొరకకపోవచ్చు. పాటలు పోయే వెర్షన్ ఏదో ముందే తెలియదు కదా. స్టీమ్‌లో కూడా కొన్ని గేములకి తాళం ఉండదు. స్టీమ్ పూర్తిగా మూసేసి, నెట్ తీసేసి, గేమ్ ఫోల్డర్లోని ఫైలుని నేరుగా నొక్కి చూడండి. తెరుచుకుంటే ఆ ఫోల్డర్ కాపీ దాచుకోవచ్చు.

మీ పాత ఒరిజినల్ సీడీలని కాపీ తీసేటప్పుడు అన్నిటికీ ఐఎస్‌ఓ, అంటే డిస్కులోని డేటాని ఒకే ఫైలుగా తీసే రూపం, సరిపోదు. క్వేక్ లాంటి 90ల గేముల్లో సంగీతం మామూలు పాటల సీడీలాగే ట్రాకులుగా ఉంటుంది. ఐఎస్‌ఓ డేటా ట్రాకునే పట్టుకుంటుంది, పాటలన్నీ పోతాయి. వాటికి బిన్, క్యూ అనే రెండు ఫైళ్ల జంట కావాలి. ఇమ్గ్‌బర్న్ అనే సాఫ్ట్‌వేర్ అలాంటి డిస్కుని గుర్తుపట్టి తనే ఆ రూపంలో చేస్తుంది. వేగం తగ్గించి చదివించండి. మొదట్లోనే వరసగా చదవలేని సెక్టార్లు వస్తే డిస్కు పోయిందని కంగారుపడకండి, సేఫ్‌డిస్క్ కావాలనే అలాంటివి పెడుతుంది. గుడ్డతో తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పితే పడే గీత డేటా వెంటే సాగుతుంది.

దాచే డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్ గానీ ఎన్‌టీఎఫ్‌ఎస్ గానీ పెట్టండి. పెన్‌డ్రైవ్‌లు, ఎస్‌ఎస్‌డీలు కరెంటు లేకుండా ఏళ్ల తరబడి బీరువాలో ఉంచడానికి కాదు. హార్డ్ డిస్కులు రెండు, వేరువేరు కంపెనీలవి, వేరువేరు ఇళ్లలో ఉంటే మంచిది. కాపీ చేసిన రోజే ప్రతి ఫైలుకీ ఎస్‌హెచ్‌ఏ256 హ్యాష్, అంటే ఫైలు కాస్త మారినా మారిపోయే వేలిముద్రలాంటి కోడ్, తీసి టెక్స్ట్ ఫైలులో పెట్టుకోండి. విండోస్‌లో ఉండే సర్ట్‌యుటిల్ అనే కమాండ్ చాలు, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఆరు నెలలకోసారి రెండు డ్రైవులూ తగిలించి హ్యాష్‌లు మళ్లీ తీసి పోల్చండి. ఒకదానిలో తేడా వస్తే ఆ ఫైలుని రెండో డ్రైవ్ నుంచి తెచ్చుకోండి. రెండిటిలోనూ తేడా వస్తే ఖాతాలోంచి మళ్లీ దించుకోండి, ఆ గేమ్ అక్కడ ఇంకా ఉంటే.